పర్సు వెంట నడిచిన కథ: 1932 నాటి ‘గ్రాండ్ హోటల్’

ఒకే కప్పు కింద పదిమందిని చేర్చి, ఒక్కొక్కరికీ ఒక్కో బాధ అంటగట్టి, రెండు గంటల్లో అందరి లెక్కా తేల్చేసే సినిమాలకు కొదవ లేదు. ఓడ, రైలు, విమానం, ఆసుపత్రి, పెళ్లిల్లు... చోటు మారుతుంది తప్ప పద్ధతి అదే. ఈ పద్ధతికి హాలీవుడ్‌లో ఒక పాత సినిమా పేరే స్థిరపడిపోయింది. అది ఎంజీఎం సంస్థ తీసిన ‘గ్రాండ్ హోటల్’. 1932 ఏప్రిల్ 12న న్యూయార్క్‌లోని ఆస్టర్ థియేటర్లో మొదటి ఆట పడింది. గ్రెటా గార్బో, జాన్ బ్యారీమోర్, జోన్ క్రాఫర్డ్, వాలెస్ బీరీ, లయొనెల్ బ్యారీమోర్ అందులో ఉన్నారు. వీరిలో ఎవరి పేరు ఒక్కటి గోడమీద వేసినా హాలు నిండే రోజులవి.

ఈ సినిమా ఎలా నిలబడిందని అడిగితే, హోటలే అందరినీ కలిపిందని సాధారణంగా చెబుతారు. అది సగం జవాబే. హోటల్లో పక్కపక్క గదుల్లో దిగినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఖాళీ చేసి వెళ్లిపోతారు. చోటు ఒకటైనంత మాత్రాన కథలు ఒకటి కావు. ఈ సినిమాలో వాటిని ముడివేసింది డబ్బు. ఎవరి చేతిలో ఉన్నది ఎవరి చేతికి వెళ్తోంది, ఎవరు ఇవ్వబోతే ఎవరు వద్దన్నారు, ఎవరి పర్సు ఎక్కడ జారిపడింది అన్నదాన్ని పట్టుకుని వెళితే చిక్కుముడి మొత్తం విడిపోతుంది. తొంభై ఏళ్లు దాటిన సినిమా కాబట్టి ముగింపు చెప్పేస్తున్నానని ఎవరూ కోప్పడరనుకుంటాను.

ముందు మనుషులు. కథ జరిగేది బెర్లిన్‌లో. గ్రుసిన్‌స్కయా (గార్బో) రష్యన్ నర్తకి. ఒకప్పుడు వెలిగింది, ఇప్పుడు సగం ఖాళీ హాళ్ల ముందు ఆడుతోంది. బ్యారన్ గైగర్న్‌ది (జాన్ బ్యారీమోర్) పేరు గొప్ప, ఊరు దిబ్బ: బిరుదు ఉంది, నడవడి ఉంది, వెంట ఒక పెంపుడు కుక్క ఉంది, జేబులో మాత్రం చిల్లిగవ్వ లేదు. అప్పులు తీర్చడానికి దొంగల ముఠాతో చేతులు కలిపాడు. ప్రైసింగ్ (వాలెస్ బీరీ) ఒక బట్టల మిల్లుకు జనరల్ డైరెక్టర్. క్రింగలైన్ (లయొనెల్ బ్యారీమోర్) అదే మిల్లులో లెక్కల గుమాస్తా. ఇక ఎన్నాళ్లో బతకవని డాక్టర్లు చెప్పేయడంతో దాచుకున్నదంతా తీసుకుని, చచ్చేలోగా ఒక్కసారి పెద్దవాళ్లలా బతకాలని వచ్చాడు. ఫ్లెమ్‌షెన్ (జోన్ క్రాఫర్డ్) స్టెనోగ్రాఫర్, ప్రైసింగ్‌కు టైపు కొట్టడానికి వచ్చిన అమ్మాయి. వీరు కాక, మొదటి ప్రపంచ యుద్ధంలో సగం ముఖం కాలిపోయిన డాక్టర్ ఆటర్న్‌ష్లాగ్, భార్య ప్రసవం కోసం ఎదురుచూస్తున్న పోర్టర్ సెన్ఫ్. ఈ ఇద్దరూ కథకు అంచుల్లాంటివారు.

ఇంతమందిని పరిచయం చేయడానికి మామూలుగా అరగంట పడుతుంది. దర్శకుడు ఎడ్మండ్ గౌల్డింగ్ కొద్ది నిమిషాల్లో ముగించాడు. పేర్లు పడగానే హోటల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ కనిపిస్తుంది. ఆపరేటర్ల చేతులు తీగలు గుచ్చుతూ, పీకుతూ ఉంటాయి. తర్వాత వరుసగా ఫోను గదులు. సెన్ఫ్ ఆసుపత్రికి ఫోను చేసి భార్య సంగతి అడుగుతాడు. క్రింగలైన్ ఊళ్లోని మిత్రుడికి తన వీలునామా గురించి అరిచి చెబుతాడు. ప్రైసింగ్ ఇంటికి ఫోను చేసి, మాంచెస్టర్ కంపెనీతో ఒప్పందం కుదరకపోతే ఇంకో కంపెనీతో తమ మిల్లు విలీనం గోవిందా అన్న భయాన్ని బయటపెడతాడు. గ్రుసిన్‌స్కయా పరిచారిక, అమ్మగారు ఈరోజు ఆడనంటున్నారని థియేటర్‌కు కబురు చెబుతుంది. బ్యారన్ తనకు డబ్బు కావాలంటాడు. ఒక గది నుంచి ఇంకో గదికి, మళ్లీ మొదటి గదికి దృశ్యం తెగి మారుతూ ఉంటుంది. ఒకరి మాట తెగినచోట ఇంకొకరి మాట అందుకుంటుంది. ఇక్కడ చెవి పెట్టి వింటే, ప్రసవం కబురు ఒక్కటి తప్ప ప్రతి ఫోనూ చివరికి ఒక బేరానికో, బాకీకో, ఖర్చుకో వచ్చి ఆగుతుంది. కథనం తెలిసినవాడు రాసిన పద్దు పుస్తకం మొదటి పుట అది.

ఇక ముడి ఎలా పడిందో చూద్దాం. బ్యారన్ కన్ను గ్రుసిన్‌స్కయా ముత్యాల మీద ఉంది. ఆమె థియేటర్‌కు వెళ్లిన వేళ బాల్కనీల మీదుగా దూకి ఆమె గదిలోకి చేరతాడు, ముత్యాలు జేబులో వేసుకుంటాడు. సగం ఆటలోంచి పారిపోయి వచ్చిన ఆమె, ఇక బతుకెందుకన్న నిర్ణయానికి రావడం తెర చాటు నుంచి చూస్తాడు. బయటికి వస్తాడు. తెల్లారేసరికి ప్రేమ పుడుతుంది, ముత్యాలు తిరిగి ఆమె చేతికి వస్తాయి. దొంగ నిజం ఒప్పుకుంటాడు. నాతో వియన్నా రా అంటుంది ఆమె. వస్తానంటాడు. టికెట్టుకు డబ్బు లేదు. పైగా ముఠా బాకీ అలాగే ఉంది.

కథ మొత్తానికి కీలకం సరిగ్గా ఇక్కడుంది. డబ్బు కావాలంటే నేనిస్తానని గ్రుసిన్‌స్కయా అంటుంది. బ్యారన్ వద్దంటాడు. ఆ డబ్బు తీసుకుని ఉంటే సినిమా అక్కడితో సుఖాంతంగా ముగిసిపోయేది. ఆమె ముత్యాలు దొంగిలించడానికి అడ్డురాని ఆత్మాభిమానం, ఆమె ప్రేమతో ఇచ్చేది పుచ్చుకోవడానికి అడ్డొచ్చింది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ కులీనుడి లెక్క అదే: దొంగతనం సాహసం, ప్రేమించిన ఆడదాని దగ్గర చేయి చాచడం అవమానం. అతడి చావు ఆ ఒక్క ‘వద్దు’తో ఖాయమైపోయింది.

తర్వాతిదంతా జారుడు మెట్ల మీద పరుగు. బ్యారన్ మిగిలిన కాసిని డబ్బులతో పేకాటకు కూర్చుంటాడు. పక్కన క్రింగలైన్. బతుకులో ఎన్నడూ పేక ముట్టని గుమాస్తా గెలుస్తూ పోతాడు, బ్యారన్ ఉన్నదీ పోగొట్టుకుంటాడు. తాగిన మైకంలో, గెలిచిన సంతోషంలో క్రింగలైన్ కుప్పకూలతాడు, పర్సు జారిపడుతుంది. బ్యారన్ దాన్ని దాచేస్తాడు. తెలివి వచ్చిన ముసలాయన పర్సు లేదని తెలిసి గదంతా వెతుక్కునే తీరు చూసి ఉండబట్టలేక, ఇదిగో ఇక్కడ పడి ఉందంటూ తీసి ఇచ్చేస్తాడు. ప్రేయసి దగ్గర తీసుకోలేడు, స్నేహితుడి దగ్గర దోచుకోలేడు. ఇక మిగిలింది ప్రైసింగ్ గది. చీకట్లో ఆ గదిలోకి వెళ్లి పర్సు అందుకుంటుండగా ప్రైసింగ్ పట్టుకుంటాడు, టెలిఫోను తీసి కొట్టి చంపేస్తాడు. మొదటి దృశ్యంలో అందరినీ కలిపిన పరికరమే చివరికి ఒకడి ప్రాణం తీసింది. అంతేకాదు, ప్రియుడు రాలేదేమని గ్రుసిన్‌స్కయా అతడి గదికి ఫోను చేస్తే అది మోగుతూనే ఉంటుంది. వినడానికి ఆ గదిలో అతడి కుక్క తప్ప ఎవరూ ఉండరు.

అయితే ప్రైసింగ్ ఆ రాత్రి ఆ గదిలో ఎందుకున్నాడు? దానికి జవాబు అతడి సొంత పద్దులో ఉంది. మాంచెస్టర్ ఒప్పందం రద్దయిందని తంతి వచ్చింది. ఎదుటి కంపెనీవాళ్లు చర్చల నుంచి లేచి వెళ్లబోతున్నారు. నీతిమంతుడినని తనను తాను నమ్ముకున్న ఆ మనిషి అప్పుడు మొదటిసారి పచ్చి అబద్ధం ఆడతాడు: ఒప్పందం కుదిరిందంటాడు. విలీన పత్రాల మీద సంతకాలు పడతాయి. ఒక అబద్ధంతో దారి తెగిందని, రెండోదానికి కూడా తెగిస్తాడు. ఇంగ్లండ్ ప్రయాణానికి ‘కార్యదర్శి’గా రమ్మని ఫ్లెమ్‌షెన్‌ను బేరమాడతాడు, ఆమెకు తన పక్క గది తీయిస్తాడు. అంటే బ్యారన్‌ను ఆ గదికి నడిపించింది లేమి అయితే, ప్రైసింగ్‌ను అక్కడ మేలుకుని ఉండేలా చేసింది అబద్ధంతో వచ్చిన లాభం. రెండు గీతలూ ఒక పర్సు దగ్గర కలిశాయి. నవలలో ప్రైసింగ్ మామగారి మిల్లును నడుపుతున్న అల్లుడు. మామగారి ముందు ఓడిపోతానన్న ఆ భయం తెలిస్తే అతడి అబద్ధం ఇంకా బాగా అర్థమవుతుంది.

ఫ్లెమ్‌షెన్ పాత్రను చాలామంది విమర్శకులు గార్బో నీడలో చూస్తారు. నా మటుకు ఈ సినిమాలో నటనకు మొదటి మార్కులు జోన్ క్రాఫర్డ్‌కే. తన జీతం ఎంత, ఆకలి ఎంత, మగవాళ్ల మాటల వెనక ఏముందన్నది ఆ పిల్లకు పూర్తిగా తెలుసు. లాబీ మీది వరండాలో రెయిలింగుకు ఆనుకుని బ్యారన్‌తో ఆడే సరసంలో కూడా తన లెక్క తాను మరచిపోదు. మర్నాడు హోటల్లోని పసుపు గది అనే హాల్లో డ్యాన్సుకు అతడి కోసం వస్తుంది. అతడి మనసు ఇంకెక్కడో ఉందని గ్రహిస్తుంది. ఆ ముసలాయనతో ఒక్కసారి డ్యాన్సు చేయమని అతడు అడిగితే క్రింగలైన్‌తో అడుగులు కలుపుతుంది. చివరికి ఆమె క్రింగలైన్‌ వెంటే హోటల్ విడిచి వెళ్తుంది; దయతో చేసిన ఆ పనే ఆమె దారి అయింది.

క్రింగలైన్, ప్రైసింగ్ ఎదురుపడే ఘట్టం ఈ పసుపు గదిలోనే ఉంది. తన మిల్లు గుమాస్తా తనతో సమానంగా బార్ దగ్గర నిలబడటం చూసి ప్రైసింగ్ అహం దెబ్బతింటుంది. నిన్ను ఉద్యోగం నుంచి తీసేస్తానంటాడు. లయొనెల్ బ్యారీమోర్ అప్పటిదాకా వంగిన భుజాలతో, వణికే గొంతుతో ఉంటాడు. ఆ బెదిరింపు వినగానే ఆ శరీరం నిటారవుతుంది. నన్ను నువ్వు తీసేయలేవు, నేను చచ్చిపోతున్నాను కదా అన్న అర్థంలో అరుస్తాడు. జీతగాడి మీద యజమానికి ఉన్న ఒకే ఒక ఆయుధం పనిచేయని క్షణం అది. అప్పటికి అమెరికాలో పని పోయి వీధిన పడ్డవాళ్లు, రేపో మాపో పోతుందని వణుకుతున్నవాళ్లు ఇంటింటా ఉన్నారు. ఆ కేక వారికి ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ కాలాన్ని గుర్తుచేసుకోవాలి. వియన్నాలో పుట్టిన వికీ బామ్ ఈ నవల రాసింది 1929లో. బెర్లిన్‌లోని ఒక సచిత్ర వారపత్రికలో అది ధారావాహికగా వచ్చింది. ఆమె నవల కోసం కొన్నాళ్లు హోటల్లో పనిమనిషిగా చేరి లోపలి సంగతులు చూసింది. అప్పటికి జర్మనీ 1923 నాటి ద్రవ్యోల్బణం రుచి చూసింది. బండెడు నోట్లకు రొట్టె ముక్క వచ్చిన రోజులవి. కులీనుల హక్కులను 1919 రాజ్యాంగం రద్దుచేసింది, బిరుదు ఇంటిపేరులో భాగంగా మాత్రమే మిగిలింది. బ్యారన్‌ది అక్షరాలా ఆ పరిస్థితే. ఇక సినిమా వచ్చేనాటికి పరిస్థితి ఇంకా ముదిరింది. 1931 వేసవిలో జర్మన్ బ్యాంకులు మూతపడ్డాయి. 1932 మొదట్లో ఆ దేశంలో నిరుద్యోగులు సుమారు 60 లక్షలు. వైభవం తొణికిసలాడే హోటల్లో ప్రతివాడూ డబ్బు కోసం కటకటలాడటం కేవలం కథకుల కల్పన కాదన్నమాట.

సినిమా తీసినవాళ్ల డబ్బు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నవల నాటకమై 1930లో బెర్లిన్‌లో ఆడింది. దాన్ని విలియం డ్రేక్ ఇంగ్లిష్‌లోకి మార్చాడు. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్వేకి వచ్చి పెద్ద విజయం సాధించింది. ఆ నాటకానికి ఎంజీఎం ముందే పెట్టుబడి పెట్టి, బదులుగా సినిమా హక్కులు తన దగ్గర పెట్టుకుంది. ఎంజీఎం నిర్మాణ అధిపతి ఇర్వింగ్ థాల్బర్గ్ అప్పుడు చేసిన ఆలోచన నేటి మల్టీస్టారర్ నిర్మాతలకు సులువుగా అర్థమవుతుంది. అప్పటి పద్ధతి సినిమాకు ఒక తార, మహా అయితే ఇద్దరు. అయిదుగురిని ఒకే సినిమాలో పెడితే, విడివిడిగా అయిదు సినిమాలకు వచ్చే జనాన్ని ఒక్కదానికే పోగొట్టుకుంటామన్నది పరిశ్రమ భయం. కానీ తారలంతా కాంట్రాక్టు మీద వారం వారం జీతం తీసుకునేవాళ్లు. తీసినా తీయకపోయినా జీతం కట్టాల్సిందే. అలాంటప్పుడు అందరినీ ఒకే సినిమాలో పెట్టేద్దామన్నది థాల్బర్గ్ లెక్క. ఖర్చు సుమారు 7 లక్షల డాలర్లయితే, మిగిలిన లాభం 9 లక్షల డాలర్లు దాటింది. పారమౌంట్, వార్నర్, ఫాక్స్ నష్టాల్లో మునిగిన ఆ ఏడాది ఎంజీఎం లాభాల్లోనే నిలిచింది.

అయిదుగురు తారలను పెడితే తలనొప్పి కూడా అయిదింతలే. ఎవరి పేరు ముందు వేయాలి, ఎవరికెన్ని దగ్గరి షాట్లు, ఎవరు ఎవరి సీనును మింగేస్తారు... ఇవి మన ప్రేక్షకులకూ కొత్త కాని పేచీలు. కథ నిర్మాణమే స్టూడియోకు ఒక ఉపాయం చూపించింది. గార్బో, క్రాఫర్డ్ ఒక్క దృశ్యంలో కూడా ఎదురుపడరు. ఇద్దరినీ కలిపేది బ్యారన్ ఒక్కడే. ఒకరికి ప్రియుడు, ఇంకొకరికి చేజారిన ప్రియుడు. ఒకరి ఉనికి రెండోవారికి తెలియకుండానే ఒకరి వల్ల రెండోవారి కథ మలుపు తిరుగుతుంది. తారల పోటీని తప్పించడానికి వేసిన ఎత్తు అనుకున్నా సరే, హోటల్లో అపరిచితుల మధ్య నిజంగా జరిగేదీ అదే కాబట్టి అతికించినట్టు కనిపించదు.

పాత్రల ఎంపికలో మాత్రం ఒక పెద్ద తిరకాసు ఉంది. నవలలో గ్రుసిన్‌స్కయా ప్రాయం దాటిన నర్తకి, బ్యారన్ ఆమెకన్నా చాలా చిన్నవాడు. ముసలితనం ముంచుకొస్తున్న స్త్రీ మీద కుర్రవాడి ప్రేమ అన్నదే ఆ ఘట్టానికి పదును. సినిమాలో గార్బోకు 26 ఏళ్లు, జాన్ బ్యారీమోర్‌కు 50. లెక్క తలకిందులైంది. నా రోజులైపోయాయని గార్బో అంటుంటే మాట నమ్ముతాం గాని ముఖాన్ని నమ్మలేం. ఆమె మరీ ఎక్కువగా చేతులు తిప్పిందని, రంగస్థల నటన అని నేటి ప్రేక్షకులు ఫిర్యాదు చేస్తారు. అందులో కొంత నిజముంది. ఆమె మాటల్లో ఒకటి, ఒంటరిగా ఉండాలనుకుంటున్నానన్నది, ఆమె జీవితానికే ముద్రగా అంటుకుపోయింది. నర్తకిగా ఆమె ఒక్కసారి కూడా తెరమీద నాట్యం చేయదు, గమనించారా? థియేటర్‌కు వెళ్తుంది, వస్తుంది, అంతే. ఇక అన్నదమ్ములైన బ్యారీమోర్ల సంగతి వేరు. దొంగ పర్సు తిరిగి ఇచ్చే దృశ్యంలో కనిపించే ఆత్మీయత రిహార్సల్సుతో వచ్చేది కాదు.

హోటల్ సెట్ గురించి ఒక్క మాట. సెడ్రిక్ గిబ్బన్స్ నడిపే కళా విభాగం లాబీని గుండ్రంగా కట్టింది. నట్టనడుమ వలయాకారపు రిసెప్షన్ బల్ల. దానికి వెనక వైపు అంటూ లేదు. కాబట్టి విలియం డేనియల్స్ కెమెరా ఎటు తిరిగినా ఎవరో ఒకరు వస్తూ, పోతూ కనిపిస్తారు. పై అంతస్తుల వలయాల మీదుగా నేరుగా కిందికి చూసే షాటు ఈ రోజుకీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

అవార్డుల చరిత్రలో ఈ సినిమాకు ఒక వింత స్థానం ఉంది. అది ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. ఇంకే విభాగంలోనూ కనీసం నామినేషన్ లేదు. అలా గెలిచిన సినిమా ఈనాటికీ ఇదొక్కటే. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. అప్పటికి సహాయ నటులకు విభాగాలే లేవు. 1936 సినిమాల నుంచే అవి వచ్చాయి. అయిదుగురిలో నాయకుడెవరు, నాయికెవరు? ఓట్లు వేసేవాళ్లకు పేరు ఎంచుకునే దారే లేకపోయింది. వాలెస్ బీరీకి అదే వేడుకలో ఉత్తమ నటుడి అవార్డు ఫ్రెడ్రిక్ మార్చ్‌తో కలిపి వచ్చింది కానీ, అది వేరే సినిమాకు. నటబృందం మొత్తానికి కలిపి ఒక అవార్డు ఇవ్వడం హాలీవుడ్ నటుల సంఘం 1995 నాటి సినిమాలతో గాని మొదలుపెట్టలేదు.

ఇక సంతానం సంగతి. మరుసటి ఏడాదే ఎంజీఎం ఇద్దరు బ్యారీమోర్లతో, బీరీతో ఒక విందు చుట్టూ మరో బహుతారల సినిమా తీసింది. 1970ల్లో విమానాలు, ఓడలు, మంటల్లో చిక్కిన ఆకాశహర్మ్యాలతో వచ్చిన ప్రమాద చిత్రాలు ఈ మూసలో పోసినవే. వాటిలో పాత్రలను కలిపేది ప్రమాదం. నిప్పు అందరికీ ఒకేలా అంటుకుంటుంది కాబట్టి, ఒక పాత్ర చేసిన పనికి ఇంకో పాత్ర మూల్యం చెల్లించాల్సిన అవసరం ఉండదు.

ఈ తేడా తెలియాలంటే, ఎంజీఎం తన సినిమాను తానే మళ్లీ తీసిన 1945 నాటి ‘వీకెండ్ ఎట్ ది వాల్డార్ఫ్’ చూడాలి. కథ న్యూయార్క్ హోటల్‌కు మారింది. నర్తకి స్థానంలో జింజర్ రోజర్స్ సినీ తార, బ్యారన్ స్థానంలో వాల్టర్ పిడ్జన్ యుద్ధ విలేకరి. అతడు నగల దొంగ కాడు. ఆమె పొరపాటున దొంగ అనుకుంటుంది, అంతే. స్టెనోగ్రాఫర్‌గా లానా టర్నర్, చావు బతుకుల మధ్య ఉన్న సైనికుడిగా వాన్ జాన్సన్. ఎవరికీ నిజంగా అప్పు లేదు, ఎవరి పర్సూ పోదు, ఎవరూ చనిపోరు. దొంగకు ఆకలి తీసేయగానే ఆ గదుల మధ్య ఉన్న దారాలన్నీ వదులైపోయాయి. హోటల్ మాత్రం అలాగే ఉంది, పాతదానికన్నా ఘనంగానే. యుద్ధం ముగిసిన సంతోషంలో ఉన్న జనం మాత్రం దాన్ని విరగబడి చూశారు, ఎంజీఎంకు ఆ ఏడాది బాగా డబ్బు తెచ్చిన సినిమాల్లో అదీ ఒకటి.